పాదుమీద ముదిరిన కాయల వినియోగము

వానకాలపు పాదులు విరగగాయు దినములలో మేమొక గ్రామమునకు పోయి, సంఘసభ్యులలో నొకరి పెరటిని చూచితిమి. పందిరిమీద సొరపాదు, కంచెమీద బీరపాదు, నేలమీద దోసతీగెలు, మూలనున్న పెంటకుప్పమీద గుమ్మడి. ఆ పచ్చదనమును చూచినంతనే కన్నులు చల్లబడినవి. కాని పందిరి క్రిందికి వంగి చూడగా, చేయంత పొడవును తొడయంత లావును గల సొరకాయలు ఇరువదికి తక్కువ గాకుండ వ్రేలాడుచుండెను. అన్నియు ముదిరినవే. అంతకు ముందు కోసిన మరి రెండు గంపల కాయలు దిబ్బప్రక్కను పడి క్రుళ్లుచు, ఈగలు ముసిరి యుండెను.

ఇట్లేల పారవేసితిరని యడుగగా, ఆ రైతు, "ఊళ్లో ఎవరింట చూచినా ఇవే కదండీ. ఊరకనే ఇస్తామన్నా పుచ్చుకొనేవారు లేరు. సంతకు తోలుకొనిపోతే బండికూలి కూడా రాదు" అనెను. ఈ మాటలో అబద్ధమేమియు లేదు. ఒక యింట కాయలు విరివిగా కాచినపుడే ఊరందరి యిండ్లలోను కాచును. నాలుగు దినములు వరుసగా సొరకాయ కూర వడ్డించిన యింటిలో అయిదవ దినమున పిల్లలు కంచము ముందు మొగము చిట్లింతురు. వాన పట్టిన వారమున ఎవరును పందిరిక్రిందికి పోరు. వాన వెలిసిన పిమ్మట చూచునప్పటికి వ్రేలంత పిందెలు ముంజేతి లావునకు వచ్చి యుండును.

మేము బయలుదేరుచుండగా ఆ యింటి యిల్లాలు గడపయొద్ద నిలిచి, "అయ్యగారూ, వీటిని కోళ్లకు పెట్టవచ్చునా?" అని యడిగెను. ప్రొద్దు వ్రాలుచుండెను. ఇంకొక యూరికి పోవలసి యుండెను. "నిరభ్యంతరముగా పెట్టవచ్చునమ్మా, వృథాపోవు వస్తువు గ్రుడ్లుగా మారును" అని యొక మాట చెప్పి మేము సైకిలెక్కితిమి.

ఆ తొందరపాటు మాటకు ఫలము మూడు వారములకు మాకు తెలిసినది. ఆ యిల్లాలికి ఎనిమిది పెట్టలు కలవు. దినమునకు మూడు గ్రుడ్లకు తక్కువ లేక వచ్చుచుండెడివి. ఆ గ్రుడ్లు అమ్మిన సొమ్ముతోనే ఆమె నెలనెలకు సంఘములో పొదుపు కట్టుచుండెను. మేము రెండవమారు పోవునప్పటికి దినము విడిచి దినమొక గ్రుడ్డు దొరకుట గగనమైనది. పొదుపు పద్దులో ఆ నెల ఆమె పేరెదుట ఏమియు వ్రాయబడలేదు. "మీరు చెప్పారు కదా అని గింజ మానేసి కాయలే పెట్టాను అయ్యగారూ. కోళ్ల కడుపు నిండింది గాని నా బుట్ట నిండలేదు" అని ఆమె కోపము లేకయే చెప్పెను. కోప్పడినను బాగుండునని మాకు తోచినది. కోళ్లు పొదుగునకు వచ్చినవేమో యని తప్పించుకొన జూచితిమి గాని, ఎనిమిది పెట్టలును ఒక్కమారు పొదుగునకు రావు గదా.

తప్పు ఎక్కడ నున్నదో చదువరులు లెక్కవేసి చూతురు గాక. సొరకాయలో నూటికి తొంబదియైదు పాళ్ల వరకు నీరే. కిలో కాయను ఎండబెట్టినచో మిగులు పదార్థము ఏబది గ్రాముల ప్రాంతము. గ్రుడ్లు పెట్టు కోడికి దినమునకు ఇంచుమించు నూరు గ్రాముల మేత వలయును. ఆ నూరు గ్రాముల సత్తువ సొరకాయనుండియే రావలెనన్నచో అది దినమునకు రెండు కిలోల కాయను మ్రింగవలెను. మన నాటుకోడి బరువే కిలోకును కిలోన్నరకును నడుమ నుండును. తన బరువును మించిన నీళ్ల కాయను ఏ కోడి తినగలదు? గొంతు క్రిందనున్న మేతసంచి నిండినంతనే అది తృప్తిపడి నీడను చేరును. పురుగునకై గాని గింజకై గాని నేల కెలకదు. కడుపు నిండియే అది పస్తున్నదని చెప్పవలెను.

మరియు గ్రుడ్డునకు వలసినది మాంసకృత్తులు, సున్నము. గ్రుడ్డు పెంకు అయిదారు గ్రాములుండును. అందు చాలవరకు సున్నమే. ఈ రెండును సొరకాయలో లేవన్నంత తక్కువ. కావున ముదిరిన కాయ కోడికి ఆకుకూర వంటిది, అన్నము వంటిది కాదు. ఈ భేదమును మేము ఆ సాయంకాలము గడపయొద్ద రెండు మాటలలో చెప్పి యుండిన యెడల ఆమె పొదుపు ఆగెడిది కాదు.

ఇక పెట్టవలసిన విధమును చెప్పెదము. ఉదయమున గూడు తెరచినపుడు గింజమేతనే ముందు వేయవలెను. నూకలు గాని, జొన్నలు గాని, రాగులు గాని ఇంట నున్నవాటిని వాడవచ్చును. వాటితో తవుడును, కొద్దిగా వేరుసెనగ చెక్కయు కలుపవలెను. చెక్క బూజు పట్టినదైనచో దానిని కోళ్లకు చూపనైన చూపరాదు. 1960లో ఇంగ్లాండు దేశమున టర్కీ కోళ్లు వేలకొలది చచ్చినప్పుడు శోధించి చూడగా, మేతలో కలిపిన వేరుసెనగ చెక్కకు పట్టిన బూజులోని విషమే కారణమని తేలినది. ఆల్చిప్పలనో, వండి తిన్న గ్రుడ్ల పెంకులనో బాగుగా ఎండబెట్టి నలుగగొట్టి వేరొక చిప్పలో నుంచినచో, కావలసిన కోడి కావలసినంత తినును.

కాయను మధ్యాహ్నవేళ, కోళ్లు తిరిగి వచ్చి నీడను చేరినపుడు పెట్టవలెను. పది కోళ్లకు అరకిలో ముక్క చాలును. నిలువుగా రెండు బద్దలు చేసి, త్రాటితో గుంజకు కోడి మెడయెత్తున కట్టినచో అవి పొడుచుకొని తినును. నేలమీద పడవేసిన ముక్క రెట్టలో పొరలి రోగమునకు దారితీయును. సొర, గుమ్మడి కాయల తొక్క కత్తికి తెగనంత గట్టిపడినచో, బద్ద చేసి లోపలి గుజ్జును గింజలను చూపిన చాలును, అవి డొక్క మిగులునట్లు తినివేయును. గింజలను రోటిలో ఒక పోటు వేసి ఇచ్చుట మంచిది. కోడికి పండ్లు లేవు గనుక కందనకాయయే దానికి తిరుగలి. కట్టివేసి పెంచు కోళ్లకు ఆ తిరుగలిలో నూరుటకు చిన్న ఇసుకరాళ్లు కూడ అందుబాటున నుంచవలెను. మిగిలిన ముక్కలను సాయంకాలమునకు తీసివేయవలెను. పసిపిల్లలకు, అనగా గ్రుడ్డు పగిలి నెల నిండని కోడిపిల్లలకు, ఈ నీళ్ల కాయలు వద్దు.

కాయలలో తీపిగుమ్మడి మేలైనది. అందలి పసుపు పదార్థము కోడికి ఎ విటమినుగా ఉపయోగపడును. ఎండకాలమున పచ్చగడ్డి దొరకని నెలలకు నాలుగు గుమ్మడికాయలు దాచియుంచినవారి కోళ్లకు పచ్చమేత కరవుండదు.

రెండు జాగ్రత్తలు మాత్రము ఎన్నడును మరువరాదు. పాదులకు పురుగుమందు చల్లినచో, ఆ మందు సీసామీద వ్రాసిన గడువు దినములు దాటకుండ ఆ కాయ మనుష్యులకు గాని కోళ్లకు గాని పెట్టరాదు. రెండవది చేదు. ఒక్కొక పాదున ఒక్కొక కాయ చేదుగా నుండును. సొరకాయలోని ఈ చేదు మిరియపు ఘాటు వంటిది కాదు, విషము. పచ్చి సొరరసము ఆరోగ్యమునకు మంచిదని త్రాగి, చేదుగా నున్నను మ్రింగి, వాంతులై రక్తము గ్రక్కి మరణించినవారు మన దేశముననే కలరు. భారత వైద్య పరిశోధనా మండలి నియమించిన నిపుణుల సంఘము ఈ సంగతిని విచారించి, చేదుగా నున్న రసమును త్రాగనే రాదని 2012లో ప్రకటించినది. కావున కూర తరుగుటకు ముందు కాయ కొననుండి చిన్న ముక్కను నాలుకకు తాకించి ఉమ్మివేయుట మన ముసలమ్మల అలవాటు. అది మంచి అలవాటు. చేదైనచో ఉడికించినను ఆ దోషము పోదు. దానిని కోళ్లకును పెట్టక గోతిలో పూడ్చవలెను.

పెట్టలు తిరిగి గ్రుడ్లు పెట్టినవా యని కొందరు అడుగవచ్చును. గింజమేత మరల మొదలుపెట్టిన రెండు వారములకు ఒక్కొకటిగా పెట్టసాగినవి. ఆమె మాకు గ్రుడ్లు రెండు ఇయ్యబోగా పుచ్చుకొనుటకు సిగ్గుపడితిమి.

దిబ్బప్రక్కను పారవేసిన కాయల మాట ఇంకను చెప్పలేదు. అసలు నష్టము అక్కడనే కలదు. పండు ఈగ యనునది లేత పిందెల చర్మమును పొడిచి లోపల గ్రుడ్లు పెట్టును. అందుండి పుట్టిన తెల్లని పురుగులు కాయను తొలిచి, అది క్రుళ్లి రాలగా, నేలలోనికి దూరి కోశస్థ దశను పొందును. వారము పది దినములలో ఈగలై మరల పాదులమీద వ్రాలును. పుచ్చు కాయలను గట్టుమీద పారవేయు రైతు రాబోవు కాపునకు శత్రువును తానే పెంచుచున్నాడు. పెంటకుప్పమీద వేయుటయు ఇట్టిదే. పురుగు పట్టిన కాయలను దినదినము ఏరి, రెండడుగుల లోతున గోయి త్రవ్వి పూడ్చవలెను. గోయి త్రవ్వుటకు మనుష్యులు లేనిచో, ప్లాస్టిక్ సంచిలో వేసి మూతిగట్టి ఎండలో కొన్నిదినములుంచినచో పురుగు లోపలనే చచ్చును. మగ యీగలను ఆకర్షించు ఎరబుట్టలు కూడ నేడు దొరకుచున్నవి. ఒక్కరి పెరటిలో కట్టినదానికంటె వాడవాడ యంతయు కలిసి కట్టినచో వాటి ఫలము ఎక్కువ. ఇది సంఘము చేయదగిన పని.

ఇక్కడ కోళ్లు మనకు రెండవ మేలు చేయును. పురుగు పట్టినను ఇంకను క్రుళ్లని కాయను చీల్చి వేసినచో అవి ముందు పురుగులనే ఏరుకొని తినును. కాపు అయిన పిమ్మట తీగెలు పెరికివేసి, పాదుల మట్టిని పారతో పైపైన తిరుగవేసి కోళ్లను విడిచినచో, నేలలోని కోశములను కెలకి తినివేయును. పిందెలు, లేత మొక్కలు ఉన్నప్పుడు మాత్రము వాటిని దగ్గరకు రానీయరాదు. ఈ సంగతి మేము చెప్పకయే పెరడు గల ప్రతి యిల్లాలికిని తెలియును.

పశువులకు పెట్టువారు కాయలను సన్నగా తరిగియే పెట్టవలెను. గుండ్రని ముక్క గొంతున అడ్డుపడి గేదె ఊపిరాడక బాధపడుట అరుదైన సంగతి కాదు.

కాయ ముదురుటయే నష్టమని మేమనుటకు వేరొక హేతువు కలదు. సొర, బీర, దోస తీగెలు గింజకొరకే కాయును. కాయలో గింజ ముదురుచున్నంతకాలము తీగె తన సత్తువను దానికే పోయును, క్రొత్త పిందెలు నిలువవు. పందిరిమీద నాలుగు కాయలు ముదిరినచో ఆ పాదు తన పని ముగిసినదనుకొనును. కావున సొరను పిందె కట్టిన పది పండ్రెండు దినములకు, బొటనవ్రేలి గోరు చర్మములో సులువుగా దిగునప్పుడే కోయవలెను. బీరను మూడు దినముల కొకమారు చూడవలెను. తినువారు లేకున్నను కోయవలసినదే. కోయక విడిచిన కాయ మీ కూరనే గాక రాబోవు కూరను కూడ తినివేయును.

ఈ కష్టము మన దేశముదే యని అనుకొనరాదు. ఇంగ్లాండు దేశపు పెరటి తోటలలో కూర్జెట్టు అను గుమ్మడిజాతి కాయను జేనెడు పొడవున లేతగా కోసి వండుదురు. మన పట్టణములలో జుకినీ యనుచు అమ్మునది ఇదియే. నాలుగు దినములు చూడకున్నచో అది గదవలె పెరుగును. అప్పుడు దాని పేరే మారి మారో యగును. వారును ఇరుగుపొరుగులకు పంచి, పచ్చళ్లు పెట్టి, కోళ్లకు వేసి, ఇంకను మిగిలినదానిని చూచి నిట్టూర్తురు. మనకు గల ఎండ వారికి లేదు. ఆ ఎండయే ఈ విషయమున మన గొప్ప సాధనము.

బూడిదగుమ్మడిని చూడుడు. ముదిరి పైన బూడిద పట్టినపుడే అది నిలువయుండును. తొడిమ విరుగకుండ కోసి, దెబ్బ తగులనీయక, చుట్టకుదురుమీద నుంచినచో నెలలు చెడదు. సంక్రాంతి దాటి ఎండ ముదిరిన పిమ్మట వడియములు పెట్టవచ్చును. కాయను సన్నగా తరిగి, ఉప్పు కలిపి, గుడ్డలో మూటగట్టి, బరువు పెట్టి రాత్రియంతయు నీరు కార్చవలెను. మినపపప్పును నానబెట్టి గట్టిగా రుబ్బి, పచ్చిమిరప, ఇంగువ చేర్చి, ఆ ముక్కలు కలిపి ఎండలో పెట్టవలెను. నీరు సరిగా కార్చకున్నచో వడియము పైన ఎండి లోన పులియును. వడియములు చెడినవని వచ్చు ఫిర్యాదులలో చాలవాటికి ఇదియే కారణమని మా అనుభవము. సంఘసభ్యుల యిండ్ల స్త్రీలు పదిమంది కలిసి ఒక డాబామీద పెట్టినచో, అమ్ముటకు తగిన రాశి యగును.

పసుపుపచ్చని పప్పుదోస ముదిరినను చెడదు. త్రాటి ఉట్టిలో వ్రేలాడగట్టినచో వారములు నిలుచును. దోసావకాయకు గట్టిదనము గల కాయయే కావలెను. మిగిలినవాటిని చెక్కి బద్దలు తరిగి, ఉప్పు రాచి ఎండబెట్టినచో వరుగులగును. వానలలో కూరలు లేనినాడు పులుసులో వేసికొనవచ్చును. సొరకాయ ముదిరినను తొక్క చెక్కి, గింజల దూదిని తీసివేసి, కండ తెల్లగా నున్నంతవరకు పులుసునకును దప్పళమునకును పనికివచ్చును. తెలంగాణమున ఈ కాయను తురిమి, బియ్యపు పిండితో కలిపి, నువ్వులు చేర్చి అప్పలు చేయుదురు. ఒక్క పూటకు కాయ కాయయంతయు చెల్లు వంట ఇది. కోస్తా జిల్లాలవారు ఆనపకాయ యనునది ఇదియే గనుక వారును చేసి చూడవచ్చును. బీరకాయ మాత్రము ముదిరినచో వంటకు పనికిరాదు. తీగెమీదనే ఎండనిచ్చి, తొక్క వలిచి, గింజలు దులిపినచో అంట్లకును ఒంటికిని రుద్దుకొను పీచగును. నేతిబీర పీచు ఇంకను మెత్తన.

విత్తనము కొరకు కాయను విడుచువారు, ముదిరి మిగిలినదానిని గాక, మంచి పాదున మంచి కాయను ముందుగానే గుర్తుపెట్టి విడువవలెను. అంగడిలో కొన్న సంకర విత్తనపు పాదునుండి తీసిన గింజ తల్లిని పోలదు. దగ్గరలో చేదుసొర పాదున్నచో తేనెటీగలు ఆ పుప్పొడిని తెచ్చును. ఈ యేడు కాయ తియ్యగనే యుండును గాని, ఆ గింజ నాటిన వచ్చు యేడు చేదు కాయలు పుట్టవచ్చును. ఇరుగుపొరుగుల పాదులను చూచికొనియే విత్తనము కట్టుడు.

ఇన్ని విధముల చెల్లించినను మిగిలిన సొరకాయలను తీగెమీదనే తొడిమ ఎండువరకు విడిచి, ఊపినపుడు గింజలు గలగలలాడుట వినబడినప్పుడు కోయవలెను. మూతికడ రంధ్రము చేసి, నీరుపోసి కొన్నిదినములుంచి, లోని గుజ్జు క్రుళ్లిన పిమ్మట కడిగి ఎండబెట్టినచో బుర్ర యగును. కిన్నెరకు నాదమిచ్చునది ఈ బుర్రయే. ఆ కిన్నెరను వాయించియే పాలమూరు ప్రాంతపు దర్శనం మొగులయ్యగారు 2022లో పద్మశ్రీ పొందిరి. నీరు చల్లగా నుంచుటకును, గింజ దాచుటకును మన పెద్దలు వాడినదియు ఇదియే. మేము మొదట చెప్పిన యింట కడపటి కాయలు నాలుగు ఇట్లే బుర్రలైనవి. ఒకటి వంటయింటి దూలమునకు వ్రేలాడుచున్నది. మొన్న మేము పోయినపుడు ఆ యిల్లాలు దానిని దింపి, మూతి విప్పి చూపెను. వచ్చు తొలకరికి కావలసిన దోసగింజలు బూడిదతో కలిసి అందులో నున్నవి.